మడమ విరిగితే మాట మనకా?

పెన్సిల్ హీల్ వేసుకున్న ఆడపిల్ల కల్యాణమంటపం మెట్ల మీద తూలి పడిందనుకోండి. చుట్టూ ఉన్నవాళ్ల నోట మొదట ఏ మాట వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. "అంతెత్తు చెప్పులు ఎవరు వేసుకోమన్నారు?" ఆ మాట అనేవాళ్లలో మగవాళ్ల కంటే మనమే ఎక్కువ. అత్త అంటుంది, పెద్దమ్మ అంటుంది, ఎదురింటి పిన్ని అంటుంది. పిల్ల మోకాలు చూసేవాళ్లు ఆ తర్వాత వస్తారు. విరిగిన చెప్పు చేతిలోకి తీసుకుని అది ఎందుకు విరిగిందో చూసేవాళ్లు మాత్రం ఒక్కరూ ఉండరు.

ఈరోజు నా పోట్లాట దాని గురించే. తప్పు ఎత్తులో లేదు, లోపలి సరుకులో ఉంది. డెబ్బై ఏళ్ల కిందట ఈ సన్న మడమను తయారు చేసినవాళ్లు దాని లోపల ఉక్కు పెట్టారు. ఇప్పుడు మనకు అమ్మేవాళ్లలో చాలామంది ఉక్కును తగ్గించారు, మేకులు తగ్గించారు, కుట్టు తీసేశారు. సన్నదనాన్ని మాత్రం అట్లాగే ఉంచి దానికి డబ్బు తీసుకుంటున్నారు. విరిగితే నింద మన నడక మీద, మన సోకు మీద పడుతోంది. వాళ్లు హాయిగా ఉన్నారు.

"పాములపాడులో కూర్చుని పెన్సిల్ హీల్స్ గురించి నీకెందుకమ్మా?" అంటారేమో. నిజమే, మాది నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే హవాయి చెప్పే మట్టిలో ఉండిపోయి కాలు ఒక్కటే పైకి వస్తుంది. పెన్సిల్ హీల్ అయితే గునపంలా దిగబడుతుంది. కానీ మా పిల్లలు ఊళ్లోనే ఉన్నారా? నంద్యాలలో, కర్నూలులో ఇంజనీరింగ్ చదువుతున్నారు, హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. ఫ్రెషర్స్ డే అంటారు, రిసెప్షన్ అంటారు, ఇంటర్వ్యూ అంటారు. ఫోన్లో నొక్కితే పెట్టె మా వీధి మలుపు దాకా వస్తోంది. కాబట్టి ఇది మా ఊరి సంగతి కూడా.

ముందు ఈ చెప్పు కథ కాస్త చెప్పుకుందాం. ఎత్తు మడమ ఆడవాళ్ల కోసం పుట్టిందే కాదు. పర్షియాలో గుర్రపు రౌతులు రికాబులో కాలు జారకుండా మడమ ఉన్న పాదరక్షలు వేసుకునేవాళ్లు. అవి యూరప్ చేరి, ఫ్రాన్సు రాజు 14వ లూయీ కాలానికి ఎర్ర మడమలై, దొరల దర్జాకు గుర్తులయ్యాయి. మగవాళ్లు వేసుకున్నన్నాళ్లూ అది దర్జా. మన కాళ్లకు వచ్చాక "సోకు" అయింది. ఈ మాట పక్కన పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఆ మడమలు లావుగా ఉండేవి. కొయ్యతో చెక్కేవారు, లేదంటే తోలు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి మేకులు కొట్టేవారు. కొయ్య ఎంత గట్టిదైనా చిటికెనవేలంత సన్నగా చెక్కితే మనిషి బరువుకు విరుగుతుంది. అందుకే సన్న మడమ చాలా ఏళ్లు కుదరలేదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1950లలో కుదిరింది. పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ దగ్గర పనిచేసిన రోజే వివియే, ఇటలీలో సాల్వతోరే ఫెర్రాగామో, ఇట్లా కొందరి పేర్లు చెబుతారు. ఎవరు ముందన్న పంచాయితీ ఇంకా తెగలేదు. ఇటాలియన్‌లో స్టిలెట్టో అంటే సన్నని బాకు. ఆ బాకు నిలబడ్డది అందం వల్ల కాదు, లోపలి ఉక్కు కడ్డీ వల్ల. కరిగించిన ప్లాస్టిక్కును అచ్చులో పోసి, నడిమధ్య ఉక్కు పెట్టి బిగించారు. అప్పుడే పెన్సిలంత మడమ మనిషిని మోయగలిగింది.

ఎంత మోయాలో ఒక చిన్న లెక్క చూడండి. అరవై కిలోల ఆడమనిషి నడుస్తుంటే ఒక్కో క్షణం బరువంతా ఒక్క మడమ మీద పడుతుంది. పెన్సిల్ హీల్ కొస వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు అనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకు అరవై కిలోలు. నాలుగు టన్నుల ఏనుగు నిలబడితే, ఒక్కో పాదం వెయ్యి చదరపు సెంటీమీటర్లని వేసుకున్నా, చదరపు సెంటీమీటరుకు ఒక్క కిలోనే. ఏనుగు పాదం కింద లేని ఒత్తిడి మన మడమ కింద ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో చెక్క నేలలకు గుంటలు పడుతున్నాయని కొన్ని భవనాల్లోకి ఈ చెప్పుల్ని రానిచ్చేవారు కాదు. గ్రీసు దేశం 2009లో తన పురాతన కట్టడాల దగ్గర హై హీల్స్ వద్దని ఆంక్ష పెట్టింది కూడా. రాతి మీదే గీత పెట్టేంత బరువు మోసే వస్తువును ఎంత శ్రద్ధగా తయారు చేయాలి?

ఆ శ్రద్ధ నాలుగు చోట్ల ఉండాలి. ఒకటి, మడమ లోపలి ఉక్కు. రెండు, అడుగు భాగంలో మడమకూ మునివేళ్ల మెత్తకూ నడుమ, పాదం కింద గాలిలో వంతెనలా ఉండే చోట పెట్టే ఉక్కు పట్టీ. పాదం బరువుకు చెప్పు నడుము వంగకుండా ఆపేది అదే. మూడు, మడమను పై భాగానికి బిగించే మేకులు, మరలు. ఇవి లోపలి నుంచి కొడతారు కాబట్టి మెత్త కింద దాగి ఉంటాయి. నాలుగు, మడమ కొసన ఉండే చిన్న బిళ్ల. అది అరిగేదే, అరగాల్సిందే. అరిగినప్పుడు పట్టుకారుతో లాగేసి కొత్తది దిగ్గొట్టుకోవచ్చు. చెప్పును బాగుచేయించుకోవడానికే ఆ ఏర్పాటు చేశారు.

ఈ నాలుగూ బయటికి కనబడవు. అందుకే చవకబారు తయారీలో ముందు కోత పడేది వీటి మీదే. పైన మెరిసే రాళ్లు తగ్గవు, బకిల్ తగ్గదు, పెట్టె మీద బంగారు రంగు అక్షరాలు తగ్గవు. ఉక్కు పట్టీ ఉండాల్సిన చోట అట్ట, మేకులు ఉండాల్సిన చోట రెండు సన్న పిన్నులూ బంకా. తోలు స్థానంలో రెక్సిన్. రెండో ఎండాకాలానికి పొట్టు పొట్టుగా ఊడి పాదానికి అంటుకుంటుంది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా హాస్టల్లో ఎత్తు చెప్పులున్న పిల్లలు నలుగురో అయిదుగురో. ఇంటి నుంచి వచ్చిన డబ్బులో మిగుల్చుకుని, ఆర్నెల్లు ఆలోచించి కొనేవాళ్లం. నా జత నల్లది, రెండున్నర అంగుళాల మడమ. మూడుసార్లు బిళ్ల మార్పించాను, రెండుసార్లు పట్టీ కుట్టించాను, ఒకసారి అడుగు వేయించాను. పెళ్లయి అత్తగారింటికి వచ్చినప్పుడు కూడా అదే జత. ఇప్పుడు మా అమ్మాయి అలమరలో అయిదు జతలున్నాయి. అందులో బాగుచేయించడానికి వీలున్నది ఒక్కటి. మిగతావి తెగితే పారేయాల్సిందే. భరతుడు సింహాసనం మీద పెట్టిన పాదుకలు పద్నాలుగేళ్లు రాజ్యమేలాయి. ఇవి పద్నాలుగు వారాలు నడవవు.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన వేసవిలో నంద్యాలలో మా చెల్లెలి కూతురి రిసెప్షన్. పద్దెనిమిది వందలు పెట్టి హీల్స్ కొన్నారు. పెళ్లికూతురు స్టేజీ రెండో మెట్టు ఎక్కుతుండగా ఎడమ మడమ మొత్తంగా ఊడి పక్కకు వాలింది. పిల్ల చీలమండ మెలిపడి కింద కూర్చుండిపోయింది. మూడు వారాలు కట్టు. ఆ పూట ఎవరేమన్నారో నేను మరిచిపోలేదు. "నడక కూడా రాదా పిల్లకు?" అని ఒకరు. "అలవాటు లేని సోకులు" అని ఇంకొకరు. కొత్తగా వచ్చిన ఇంట్లో ఆ పిల్ల మొదట విన్న మాటలవి. ఒక మేకు ఖరీదు ఎంతుంటుంది చెప్పండి? ఆ మేకు మిగుల్చుకున్నవాడు ఎక్కడో ఉన్నాడు, ఆ మాట పడ్డది మా పిల్ల.

ఆ చెప్పును సంచిలో వేసుకుని ఆత్మకూరులో చెప్పులు కుట్టే అన్న దగ్గరికి పోయినాను. ఆయన మెత్త లేపి, ఆరెతో కెలికి, నాకే చూపించినాడు.

"చూడు మా, యాడన్నా మేకుందా? రెండు పిన్నులు కొట్టి సొల్యూషన్ పూసినారు. నడుమ పట్టీ గూడ లేదు, అట్ట పెట్టినారు."

"బాగు చేయొచ్చా అన్నా?"

"దేనికి కొట్టేది మా మేకు? పట్టుకునేదానికి లోపల ఏముంది? అట్టకు కొడితే నిలుస్తాదా?"

ఆ మాటలో ఆయన బాధ కూడా ఉంది. వెనకటికి రోజుకు నాలుగైదు జతల హీల్ బిళ్లలు మార్చేవాడట. ఇప్పుడు తెచ్చేవాళ్లు తక్కువ, తెచ్చినా బాగయ్యేవి తక్కువ. చెప్పు నాసిరకమైతే పోయేది మన డబ్బు ఒక్కటే కాదు, ఆ చెట్టు కింద కూర్చున్న మనిషి కూలి కూడా.

ఇక్కడ నాతో వాదించేవాళ్లున్నారు. వాళ్ల మాటలూ విందాం.

"చవకగా దొరుకుతున్నాయి కదమ్మా, తెగితే ఇంకోటి కొనుక్కోవచ్చు" అనేది మొదటి మాట. లెక్క వేద్దాం. ఆరు వందల జత నాలుగు నెలలు వస్తే ఏడాదికి పద్దెనిమిది వందలు. పద్దెనిమిది వందల మంచి జతకు రెండు బిళ్లలు, ఒక పట్టీ ఖర్చు కలుపుకున్నా నాలుగేళ్లు వస్తే ఏడాదికి అయిదు వందలు దాటదు. చవకన్నది ఎవరికి? పైగా మా చెల్లెలు కొన్నది ఆరు వందలది కాదు, పద్దెనిమిది వందలదే. ధర పెరిగినంత మాత్రాన లోపల ఉక్కు పెరగడం లేదు. చాలా చోట్ల పెరిగేది పైమెరుగే.

"అసలు హీల్సే వద్దు, ఆరోగ్యానికి చేటు" అనేది రెండో మాట. ఎత్తు మడమతో బరువు మునివేళ్ల మీదికి జరుగుతుంది, రోజూ గంటల తరబడి వేసుకుంటే పిక్క కండరం బిగుసుకుంటుంది, మోకాలి మీద ఒత్తిడి పెరుగుతుంది. నేను కాదనను. బలవంతంగా వేసుకోమనే హక్కూ ఎవరికీ లేదు. జపాన్‌లో 2019లో ఆఫీసుల్లో హీల్స్ తప్పనిసరి చేయొద్దని ఆడవాళ్లు ఉద్యమమే నడిపారు, వాళ్లకు నా దండం. కానీ వద్దనే హక్కు నాదైతే, వేసుకుంటాననే హక్కూ నాదే. కాటుక కళ్లకు మంచిదా అని అడిగి పెట్టుకుంటున్నామా? ఏడాదికి నాలుగు పూటలు వేసుకునే పిల్లకు ఆ నాలుగు పూటలు చెప్పు విరగకుండా ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఫ్లాట్ చెప్పులైతే ఈ తంటా లేదనుకోవద్దు. వాటికీ ఇదే రోగం. ఇష్టపడి కొన్న జతను పెట్టెలో దాచి, రెండేళ్లకు పండక్కి తీస్తే అడుగు బెల్లం పొడిలా రాలిపోవడం మీ ఇళ్లలో జరగలేదా? అది పాలీయురెథేన్ అడుగు. అందులో కొన్ని రకాలు గాలిలోని తేమతో మెల్లగా విరిగిపోతాయి. వేసుకున్నా, వేసుకోకపోయినా అంతే. ఇది తయారీదారులకు కొత్త విషయం కాదు. మనకు మాత్రం ఎవరూ చెప్పరు. పెట్టె మీద రేటు ఉంటుంది, "లోపల పెట్టి దాచుకోవద్దు, ఇన్నేళ్లకు పాడవుతుంది" అన్న మాట ఉండదు. పాలప్యాకెట్టుకు గడువు తేదీ ఉన్నప్పుడు పొడయిపోయే చెప్పుకు ఎందుకు ఉండకూడదు?

"పాతకాలం చెప్పులే బంగారం" అనేది మూడో మాట. దీన్ని నా పక్షాన మాట్లాడేవాళ్లే అంటారు, అయినా నేను ఒప్పుకోను. మా సీమ పల్లెల్లో కిర్రు చెప్పులు ఏళ్ల తరబడి నిలిచేవి, నిజమే. కానీ వాటిని కుట్టిన మాదిగవాడల వాళ్లకు కళ్లంలో కొలిచి పోసే గింజలే కూలి. తాము కుట్టిన చెప్పులు వేసుకుని పెద్దకులాల వీధిలో నడిచే వీలు చాలా ఊళ్లలో వాళ్లకు లేదు, విప్పి చేత పట్టుకోవాల్సిందే. చెప్పు గట్టిది, పద్ధతి చెడ్డది. నాకు ఆ కాలం తిరిగి రానక్కర్లేదు. పనితనం నిలవాలి, పనిమంతుడికి విలువ పెరగాలి. ఇప్పుడేమో రెండూ పోయాయి.

పైగా ఈ కాలంలో మంచి చెప్పు చేయడం కష్టమేమీ కాదు. 1955 నాటి కంటే ఇప్పటి ప్లాస్టిక్కు గట్టిది, ఇప్పటి బంక నయం. ఆ రోజుల్లో లోహపు బిళ్లలు నేలను చీల్చేవి, జారేవి. ఇప్పటి బిళ్లలు పట్టు ఉన్నవి, చప్పుడు తక్కువవి. తమిళనాడులో ఆంబూరు, వాణియంబాడి పట్టణాలు తోలు పాదరక్షలను విదేశాలకు పంపుతున్నాయి. మన రాష్ట్రంలోనే తడ దగ్గర మాంబట్టులో అపాచీ ఫ్యాక్టరీలో వేలమంది, అందులో ఎక్కువమంది ఆడవాళ్లే, ఆడిడాస్ బూట్లు కుడుతున్నారు. అక్కడ ఒక్క కుట్టు తప్పితే పక్కన పెట్టేస్తారు. అంటే చేతులు మనవే, పనితనం మన దగ్గరే ఉంది. సముద్రం దాటే సరుకుకు ఒక కొలత, మన సందులోకి వచ్చే సరుకుకు ఇంకో కొలత. చేతకాక కాదు, మనం అడగక.

కొలత అంటే ఇంకొకటి గుర్తొచ్చింది. మనం ఇప్పటికీ వాడుతున్నది బ్రిటిష్ వాళ్లు వదిలిపోయిన సైజులు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ వాళ్లు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలు కొలిచారు. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన మన యలవర్తి నాయుడమ్మగారు ఒకప్పుడు డైరెక్టరుగా నడిపిన సంస్థ అది. వాళ్లు తేల్చిందేమిటంటే మన పాదాలు యూరప్ వాళ్ల పాదాల కంటే వెడల్పు. ఆడపిల్లల పాదం పదకొండో ఏటి దాకా వేగంగా పెరుగుతుంది, మగపిల్లలకు పదిహేను, పదహారు దాకా. దీన్ని బట్టి మన దేశానికి మన సైజులు కావాలని "భ" అనే పేరుతో కొత్త కొలతలు ప్రతిపాదించారు.

దీనికీ పెన్సిల్ హీల్ విరగడానికీ ఏం సంబంధం అంటారా? చాలా ఉంది. ముందు భాగం సన్నగా కోసుగా ఉన్న చెప్పులో మన వెడల్పు పాదం పట్టదు. అందుకని ఒక సైజు పెద్దది కొంటాం. వెడల్పు సరిపోయినా పొడవు ఎక్కువవుతుంది. మడమ దగ్గర చెప్పు జారుతుంది, పాదం ముందుకు దిగుతుంది, అడుగు పడ్డప్పుడల్లా బరువు మడమ మీద నిలువుగా కాకుండా ఏటవాలుగా పడుతుంది. అసలే రెండు పిన్నుల మీద నిలబడ్డ మడమ అది. ఎన్నిసార్లు ఓర్చుకుంటుంది? తర్వాత అంగట్లో అబ్బాయి "మీ కాలే కొంచెం వెడల్పమ్మా" అంటాడు. వాడి చెప్పు ఇరుకని అనడు. లోపం ఎప్పుడూ మన కాలిదే.

మళ్లీ మా చెల్లెలి కథకు వద్దాం. చెప్పు తీసుకుని అంగడికి పోతే "హీల్స్‌కు గ్యారంటీ ఉండదమ్మా" అన్నారు. బిల్లు వెనక "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు. చాలామందిమి ఆ అచ్చు చూసి ఇంటికి వచ్చేస్తాం. రాకండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం కూడా తప్పు. ఆ అచ్చు చట్టం కంటే పెద్దది కాదు. 1915కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అప్పటికీ వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

మేము ఫిర్యాదు రాసి, విప్పదీసిన మడమ ఫొటోలు జత చేశాం. రెండు వారాలకు అంగడివాళ్లే ఫోన్ చేసి పద్దెనిమిది వందలూ తిరిగి ఇచ్చారు. కట్టు ఖర్చు ఇవ్వలేదు, మాట పడ్డ బాకీ ఎట్లాగూ తీరదు. అయినా ఆ డబ్బు చేతిలో పడ్డప్పుడు మా చెల్లెలి మొహం చూడాల్సింది. అంతకుముందు దాకా పిల్లదే తప్పని తనూ అనుకుంటోంది. డబ్బు తిరిగొచ్చాక గానీ తప్పు ఎవరిదో తనకు నమ్మకం కలగలేదు.

ప్రభుత్వమూ ఏమీ చేయలేదని అనను. 2024 నుంచి చాలా రకాల పాదరక్షలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు, చిన్న తయారీదారులకు మినహాయింపులున్నాయి. 2025 సెప్టెంబరులో రెండున్నర వేల లోపు జతల మీద జీఎస్టీ అయిదు శాతానికి తగ్గింది. మంచిదే. కానీ బాగుచేయించుకునే హక్కు గురించి 2022లో కేంద్రం ఒక కమిటీ వేసినప్పుడు వాళ్లు ముందుగా ఎంచుకున్నవి వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఇంట్లో వాడే ఫ్రిజ్జుల్లాంటి వస్తువులు, వాహనాలు. చెప్పు ఊసు లేదు. ట్రాక్టరు బాగుపడాలి, ఫోను బాగుపడాలి. రోజూ మనిషిని మోసే చెప్పు మాత్రం విరిగితే చెత్తబుట్టలోకి. ఆడవాళ్ల చెప్పంటే సోకు కదా, దానికి చట్టమెందుకు అనుకున్నారేమో! మగవాళ్ల కాలికి ఉన్నప్పుడు దర్జా అన్నారని పైన చెప్పాను, ఆ తేడా ఇక్కడ కూడా పనిచేస్తోంది.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మన చెయ్యే. ఈసారి అంగడికి పోయినప్పుడు కాలికి వేసుకునే ముందు చెప్పును చేతిలోకి తీసుకోండి. బల్ల మీద నిలబెట్టి వేలితో తట్టండి, ఊగిందంటే పక్కన పెట్టండి. ఒక చేత్తో పైభాగం, ఇంకో చేత్తో మడమ పట్టుకుని అటూ ఇటూ కదపండి, సందు కనబడితే వద్దు. చెప్పు నడుము దగ్గర బొటనవేలితో గట్టిగా అదమండి, అప్పడంలా వంగితే లోపల పట్టీ లేనట్టే. లోపల మడమ చోట మెత్తను వేలితో ఒత్తి చూడండి, మేకుల తలలు తగులుతాయేమో. కొస బిళ్ల విడిగా వచ్చేదా, మడమతో కలిపి పోసిందా అడగండి. విడిది అయితేనే రేపు మార్చుకోగలం. పాదాలు కొంచెం ఉబ్బి ఉండే సాయంకాలం పూట కొనండి.

కొన్నాక బిళ్ల మీద ఒక కన్ను వేసి ఉంచండి. అది అరిగి లోపలి మేకు తల బయటపడిందంటే ఇక ఆ చెప్పు నేలను పట్టదు. మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి బేతంచెర్ల బండలు, టైల్సు. నున్నటి బండ మీద ఉక్కు తల అంటే నూనె మీద అడుగు వేసినట్టే. ముప్పయ్యో నలభయ్యో ఇచ్చి బిళ్ల మార్పించుకుంటే నడుము విరగకుండా ఉంటుంది, ఆ అన్న పూట గడుస్తుంది. కొనేముందే ఆయనకు చూపించే వీలుంటే ఇంకా మంచిది. టీవీ ప్రకటన కంటే ఆయన ఆరె నిజం చెబుతుంది.

అంగట్లో ఇవన్నీ చేస్తుంటే సేల్స్ పిల్లవాడు విసుక్కుంటాడు. పక్కనున్నవాళ్లు చూస్తారు. చూడనివ్వండి. వంకాయ కొనేటప్పుడు పుచ్చు ఉందేమోనని తిప్పి తిప్పి చూస్తాం. పట్టుచీర కొంగు విప్పి జరీ గీకి చూస్తాం. బంగారానికి హాల్‌మార్కు అడుగుతాం. మనిషి బరువంతా మోసే వస్తువును మాత్రం రంగు చూసి, రాళ్లు చూసి, అద్దంలో ఒకసారి చూసుకుని కొనమంటే ఎట్లా కొంటాం?

ఎత్తు మీకు ఇష్టమైతే వేసుకోండి, లేకపోతే మానేయండి. అది మీ ఇష్టం, మీ అమ్మాయి ఇష్టం. అంగడివాణ్ని మాత్రం ఒక్క ప్రశ్న అడగకుండా డబ్బు తీయకండి: "లోపల ఏముంది?" జవాబు రాకపోతే ఆ జత అక్కడే వదిలేసి రండి. పదిమంది ఆడవాళ్లు వరసగా వదిలేసి వస్తే, పదకొండో ఆమె వచ్చేసరికి ఆ మడమలో మేకు ఉంటుంది.